శనివారపు కానిస్టేబుల్

ఆ శనివారం ఉదయం కృష్ణమోహన్ ఇడ్లీ తింటూ, తాను మంచివాడినని చెప్పడం ప్రాక్టీసు చేస్తున్నాడు. బుధవారం గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ. ఎదురుగా భార్య రాధారాణి ఆఫీసరు మొహం పెట్టుకుని ప్రశ్నలు అడుగుతోంది.

"మీరెప్పుడైనా అరెస్టయ్యారా?"

"నో మేడమ్!"

"అంత గట్టిగా అరవకండి, ఏదో దాస్తున్నట్టుంది."

"నో మేడమ్."

"ఇప్పుడు మరీ నీరసంగా చెప్పారు. నిజంగానే జైలుకెళ్ళొచ్చినట్టుంది. మధ్యాహ్నం వచ్చాక మళ్ళీ చేద్దాం. వచ్చేటప్పుడు ఇండియన్ స్టోర్‌లో గోంగూర పట్రండి."

ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టిన పన్నెండేళ్ళలో కృష్ణమోహన్ ఎర్రదీపం దాటి ఎరగడు. కారు అద్దంలో పోలీసు బండి కనిపిస్తే చాలు, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఆంజనేయస్వామిని తలచుకునేవాడు. అంత జాగ్రత్త గల మనిషికి, వాలంటీరు పని చేస్తే గ్రీన్‌కార్డు ఫైలుకు అందంగా ఉంటుందని ఎవరో చెప్పారు. అందుకని శనివారాలు ఊరి బయట ఉన్న హాలోవే పయనీర్ విలేజ్‌కు వెళ్ళి చీపుళ్ళు కట్టేవాడు. తెనాలిలో పుట్టి పెరిగినన్నాళ్ళూ చీపురు ముట్టుకోని మనిషి, మిషిగన్‌లో తెల్లవాళ్ళ పిల్లలకు చీపురు కట్టే విధానం వివరించేవాడు.

ఆ విలేజ్ మొత్తం పంతొమ్మిదో శతాబ్దపు వలస గ్రామానికి నకలు. దుంగల ఇళ్ళు, కమ్మరి కొలిమి, ఒక చిన్న కోర్టు, కోర్టు ముందు మెడా చేతులూ బిగించే చెక్క బొండకొయ్య. వాలంటీర్లంతా ఆనాటి బట్టలే వేసుకోవాలి, ఆనాటి మాటలే మాట్లాడాలి. దీన్ని నడిపే మార్గరెట్ అనే పెద్దావిడకు ఒకటే నియమం. ఆకాశం విరిగి మీద పడ్డా పాత్ర వదలకూడదు. ఎవరైనా ఫోను చూపిస్తే "ఇదేమి వింత!" అనాలి తప్ప చార్జింగెంతుందని అడగకూడదు.

కృష్ణమోహన్ కారు దిగేసరికి మార్గరెట్ నల్లకోటుతో ఎదురొచ్చింది. రోజూ కానిస్టేబుల్ వేషం వేసే పెద్దమనిషికి మోకాలు పట్టేసిందట.

"ఇవాళ నువ్వే కానిస్టేబుల్ వేయాలి, క్రిష్. చాలా తేలిక. విడో, అదే మన నాటకంలో వితంతువు, ఆమె ఇంటి పెరట్లో దొంగ ఒక కోడిని ఎత్తుకెళ్ళబోతాడు. నువ్వు దొంగను పట్టుకుంటావు. జడ్జి శిక్ష వేస్తాడు. జనం ఫొటోలు తీసుకుంటారు."

"దొంగ ఎవరు?"

"కొత్త వాలంటీరు, ఫోన్లో మాట్లాడటమే తప్ప నేనూ ఇంకా చూడలేదు. శ్రేయాస్ అని, మీ ఇండియా అబ్బాయే. గోధుమరంగు టోపీ పెట్టుకుంటాడు, చేతిలో సంచి ఉంటుంది. గింజుకుంటాడు, ఏడుస్తాడు, ఏవేవో చెప్తాడు. నువ్వు మాత్రం కరగకూడదు."

కోటు తొడుక్కుని, రేకు బిళ్ళ గుండెకు తగిలించుకుని, కర్ర చేతపట్టగానే కృష్ణమోహన్ నడక మారిపోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆట మొదలవకముందే ఊరంతా రెండు చుట్లు తిరిగాడు. ఐస్‌క్రీం తింటున్న ఒక ముసలాయన్ని కూడా అనుమానంగా చూశాడు. పన్నెండేళ్ళు బిళ్ళను చూసి బెదిరినవాడికి, బిళ్ళ లోపలి వైపు ఎంత చల్లగా ఉంటుందో ఆ పూటే తెలిసింది.

సరిగ్గా అనుకున్న చోట దొంగ కనిపించాడు. విడో ఇంటి పెరట్లో, చిక్కుడు పాదుల మధ్య, గోధుమరంగు టోపీ పెట్టుకున్న ఇండియన్ కుర్రాడు వంగి ఉన్నాడు. చేతిలో సంచి. అటూ ఇటూ చూసి అందులో ఏదో కుక్కుతున్నాడు.

అతను శ్రేయాస్ కాదు. పేరు తేజేశ్వర్. కరీంనగర్ నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు. భార్య అంకితతో కలిసి ఊరు చూద్దామని టికెట్ కొనుక్కుని వచ్చాడు. ఆమె బేకరీ ముందు వరసలో నిలబడితే, ఇతను ఊరికే తిరుగుతూ పెరట్లోకి చూశాడు. చిక్కుడు పాదుల మధ్య కలుపు మొక్కగా ఏపుగా పెరిగిన తోటకూర! స్టోర్‌లో వాడిపోయిన కట్ట కొనుక్కునేవాడికి కళ్ళు చెదరవూ? పక్కనే 'మొక్కలు కోయరాదు' అని బోర్డు ఉంది. చదివాడు. చదివాకే కోశాడు.

"ఓరీ చోరా! కదలకుము!" అని వెనకనుంచి గర్జన వినిపించింది. నిజానికి అరిచింది ఇంగ్లీషే. కాని మార్గరెట్ నేర్పిన ఆ పాతకాలపు ఇంగ్లీషును తెలుగులో చెప్పుకోవాలంటే ఇలాగే చెప్పుకోవాలి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తేజేశ్వర్ సంచి వెనక్కి దాచుకున్నాడు. సెక్యూరిటీ వాళ్ళకు కూడా ఇక్కడ వేషాలు వేశారు కాబోలనుకున్నాడు.

"సారీ సర్. ఫస్ట్ టైమ్ సర్. ఫైన్ కట్టేస్తాను."

కుర్రాడు బాగానే చేస్తున్నాడని కృష్ణమోహన్ మెచ్చుకున్నాడు. "అపరాధ రుసుముతో తీరునది కాదు. న్యాయాధిపతి కడకు నడువుము!"

"సర్, ప్లీజ్, నేను హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నాను!"

కృష్ణమోహన్‌కు చిరాకేసింది. పంతొమ్మిదో శతాబ్దంలో హెచ్‌వన్‌బీ ఏమిటి? కుర్రాడు చరిత్ర చదువుకుని రాలేదు. నియమం ప్రకారం కనుబొమలు ఎగరేసి అన్నాడు: "అట్టిదేదియు ఈ దేశమున లేదు!"

తేజేశ్వర్ మొహం పాలిపోయింది. పొద్దున్న వార్తలు చూడకుండా బయల్దేరినందుకు తనను తాను తిట్టుకున్నాడు. "లేదా? ఎప్పుడు తీసేశారు సర్?"

"ఎన్నడును లేదు!"

తేజేశ్వర్ గబగబా ఫోను తీశాడు. "లాయర్‌కి ఒక్క కాల్ చేసుకుంటా."

"ఇదేమి వింత! మంత్రపు పలకవలె నున్నది. స్వాధీనపరచుకొనుచున్నాను," అని కృష్ణమోహన్ దాన్ని లాక్కుని కోటు జేబులో వేసుకున్నాడు.

"సర్, మీరు నిజం పోలీసేనా?"

"ఈ ఊర నేనే పోలీసు, నేనే చట్టము!"

కోర్టు ముందు జనం మూగారు. జడ్జి పాత్ర వేసే రిటైర్డు పళ్ళ డాక్టరు బల్ల మీద సుత్తి కొట్టి, "విడో కోడిని దొంగిలించితివా?" అని అడిగాడు.

"కోడి తెలీదు సర్! ఆకులు మాత్రమే తీశాను!" అంటూ తేజేశ్వర్ భోరుమన్నాడు. ఏడుస్తూనే చిన్నప్పుడు పక్కింటి జామకాయలు కోసిన సంగతి, ఆఫీసు కిచెన్ నుంచి టీ పొట్లాలు ఇంటికి తెచ్చిన సంగతి కూడా ఒప్పేసుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఇంత సహజంగా నటించే దొంగ ఈ ఊరికి ఇంతవరకూ రాలేదని మార్గరెట్ పొంగిపోయింది.

"పరుల సొత్తు అపహరించుటను ఈ గ్రామము సహించదు," అని జడ్జి బొండకొయ్య శిక్ష వేశాడు.

ముందు వరసలో ఒక చిన్నపిల్ల చెయ్యెత్తింది. "మరి ముందు ఇక్కడున్న ఆదివాసుల భూమి తీసుకున్నారు కదా, ఆ తీసుకున్నవాళ్ళనెవరు అరెస్టు చేశారు?"

మార్గరెట్ చిరునవ్వు చెదరకుండా చెప్పింది: "ఆ వివరాలన్నీ పక్క బిల్డింగులో ఉంటాయి, బంగారం. ప్రస్తుతం రిపేర్లు జరుగుతున్నాయి."

కృష్ణమోహన్ స్వయంగా తాళం వేశాడు. అప్పుడే బేకరీ నుంచి వచ్చిన అంకిత, చెక్కల మధ్య మొగుడి తలకాయ చూసి చేతిలోని రొట్టె పారేసింది. "ఏం చేసిండు? ఎందుకు పట్టుకున్నరు?" అని పక్కనున్న ముసలామెను ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ నవ్వి, "కంగారు పడకు, పూర్వమైతే కొరడాతో కొట్టేవారు," అని ధైర్యం చెప్పింది. అంకిత కానిస్టేబుల్ దగ్గరకు పరుగెత్తింది. దొంగకు భార్యను కూడా పెట్టారన్నమాట, మార్గరెట్ మాటవరసకైనా చెప్పలేదే అనుకుంటూ కృష్ణమోహన్ కర్ర అడ్డం పెట్టాడు. "తొలగుము, స్త్రీ!"

అంకిత తొలగి, పక్కకెళ్ళి, 911కు ఫోన్ చేసింది. చేసేముందు బొండకొయ్య ఫొటో ఒకటి తెలుగు గ్రూపులో పెట్టింది. క్షణాల్లో ఆ గ్రూపు రెండుగా చీలింది. మనవాణ్ణి ఇలా అవమానిస్తారా అని సగం మంది, వీడివల్ల మనందరి వీసాలకూ ఎసరు అని సగం మంది. ఆ ఫొటోలో నల్లకోటు మనిషి కూడా తెలుగువాడే అని ఎవరూ పోల్చుకోలేదు. బిళ్ళ పెట్టుకున్నవాడి మొహం ఎవరు చూస్తారు?

అసలు పోలీసు కారు వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరమ్మ నల్లకళ్ళద్దాలు తీసి, బొండకొయ్యను చుట్టూ తిరిగి చూసింది. సరిగ్గా అప్పుడే విడో ఇంటి వైపు నుంచి గోధుమరంగు టోపీ పెట్టుకున్న మరొకతను చంకలో కోడితో రొప్పుతూ వచ్చాడు.

"సారీ అంకుల్! ఫ్రీవేలో యాక్సిడెంట్, ట్రాఫిక్‌లో స్టక్ అయిపోయా. శ్రేయాస్‌ని. కోడిని ఇప్పుడే దొంగతనం చేసుకొచ్చా. నన్నెప్పుడు అరెస్ట్ చేస్తారు?"

కృష్ణమోహన్ కోడిని చూశాడు. శ్రేయాస్‌ను చూశాడు. బొండకొయ్యలో ఉన్న మనిషిని చూశాడు. ఒంట్లో నెత్తురు మొత్తం బూట్లలోకి దిగిపోయింది.

"ఈయన్ని ఎవరు బంధించారు?" అని ఆఫీసరమ్మ అడిగింది.

ఊరంతా ఒక్క వేలై కృష్ణమోహన్‌ను చూపించింది. కోడి కూడా అటే చూసింది. అదే సమయానికి, మొగుడు ఎక్కడ ఫోను పారేసుకున్నాడోనని అంకిత అతని నంబరుకు కాల్ చేసింది. కానిస్టేబుల్ కోటు జేబు మోగింది.

"అది మీ ఫోనేనా, సర్?" ఆఫీసరమ్మ గొంతు చాలా మర్యాదగా ఉంది. కారు అద్దంలో పోలీసు బండిని చూసి దణ్ణం పెట్టుకున్న పన్నెండేళ్ళలో కృష్ణమోహన్ భయపడింది ఈ మర్యాదకే.

బుధవారం కళ్ళ ముందు తిరిగింది. పాత ఇంగ్లీషూ పోయింది, కొత్త ఇంగ్లీషూ పోయింది. నోట్లో మిగిలింది ఒకటే. "అయ్యో, నాకేం తెలియదండీ! నేను చీపుళ్ళు కట్టుకునేవాణ్ణండీ!"

బొండకొయ్యలోంచి తల పైకి లేచింది. "ఏందీ! నువ్వు తెలుగోనివా?"

"తెనాలి, తమ్ముడూ."

"తెనాలా! గింతసేపు నాతోని ఇంగ్లీషుల కొట్టినవ్ గదనే! హెచ్‌వన్ లేదంటివి! నా పానం పోయినంత పనైంది!"

"పాత్ర వదలకూడదన్నారు తమ్ముడూ..."

"పాత్ర లేదు, గిన్నె లేదు. ముందుగాల తాళం తియ్యి!"

తాళం తీశారు. మార్గరెట్ పాత్ర వదిలేసి అందరికీ క్షమాపణలు చెప్పింది. తోటకూర ఉత్త పిచ్చిమొక్క అనీ, వారం వారం పీకి పారేస్తామనీ, కావాలంటే బస్తాల కొద్దీ పట్టుకెళ్ళమనీ చెప్పింది. అన్నీ విని ఆఫీసరమ్మ తేజేశ్వర్ వైపు తిరిగింది. ఇష్టం లేకుండా బంధించడం, ఫోను లాక్కోవడం, రెండూ చిన్న విషయాలు కావు. కంప్లైంటు ఇస్తారా?

"పెట్టు," అంది అంకిత, మొగుడి మెడ మీది ఎర్రచారలు చూస్తూ.

కృష్ణమోహన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "తమ్ముడూ, బుధవారం నాకు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ. ఇన్నేళ్ళు ఎదురుచూశా. నా బతుకు నీ చేతుల్లో ఉంది."

"నేను ఏడ్చినప్పుడు నా బతుకు నీ చేతులనే ఉండె గదన్నా. జెర్రంతన్నా జాలి పడ్డవా?"

బాగా నటిస్తున్నాడనుకున్నానని చెబితే ఇంకా అసహ్యంగా ఉంటుంది. కృష్ణమోహన్ బిళ్ళ తీసి జేబులో పెట్టుకోబోయి, అది కూడా దొంగతనమంటారేమోనని మార్గరెట్ చేతిలో పెట్టాడు.

తేజేశ్వర్ చాలాసేపు మెడ రుద్దుకున్నాడు. చివరికి ఆఫీసరమ్మతో ఇంగ్లీషులో, "మిస్అండర్‌స్టాండింగ్, మేడమ్. మేము ఒకే ఊరివాళ్ళం," అన్నాడు. తెనాలికీ కరీంనగర్‌కూ మధ్య ఎంత దూరమో ఆవిడకేం తెలుసు! ఆవిడ కారెక్కేదాకా ఆగి, కృష్ణమోహన్ భుజం మీద చెయ్యేశాడు. "ఒక్కటే కండిషనన్నా. వచ్చే శనివారం నేను కానిస్టేబుల్. నువ్వు దొంగ."

బుధవారం ఇంటర్వ్యూలో "మీరెప్పుడైనా అరెస్టయ్యారా?" అని ఆఫీసరు అడిగాడు. ఎక్కువా తక్కువా కాకుండా, రాధారాణి నేర్పిన గొంతుతో "నో సర్" అన్నాడు కృష్ణమోహన్. ఆఫీసరు కాగితం తిప్పి, వీళ్ళు ప్రాక్టీసు చేయని ప్రశ్న ఒకటి చదివాడు. "ఎప్పుడైనా పోలీసు దళంలో పనిచేశారా? ఎవరినైనా బంధించి ఉంచారా?"

ప్రమాణం చేసి కూర్చున్నాడు గనక కృష్ణమోహన్ కళ్ళు మూసుకుని అంతా చెప్పేశాడు. కోడి నుంచి తోటకూర దాకా. పక్కన రాధారాణి మొహం చేతుల్లో దాచుకుంది. ఆఫీసరు నవ్వలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు, దగ్గాడు, మళ్ళీ చూశాడు. తరువాత స్టాంపు వేస్తూ, ఆ ఊరు శనివారాలు ఎప్పుడు తెరుస్తారని అడిగాడు.

శనివారం తేజేశ్వర్ నల్లకోటు వేసుకుని, బిళ్ళ తుడుచుకుని, కృష్ణమోహన్‌ను ఊరంతా తిప్పి బొండకొయ్యలో పెట్టాడు. పాత్రలో ఎంతగా లీనమైపోయాడంటే, మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ తాళం తీయడం మర్చిపోయాడు.