కొండకో కమాండు

"ఏజెన్సీలో ఇకమీదట ఫైళ్లు కదలవు, కమాండ్లే కదులుతాయి!" అని మంత్రిగారు ప్రకటించారు. ఫైళ్లు అంతకుముందు మాత్రం ఎప్పుడు కదిలాయని కొందరు గిట్టనివాళ్లు గొణిగారుగానీ, అలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ విధంగా 2008లో అరకు లోయలోని ఒక మండల కేంద్రానికి 'కొండకో కమాండు' పథకం వచ్చింది. దాంతోపాటు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, సర్వేశ్వరరావుగారనే ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. ఈ మూడింటినీ నడపడానికి గంగాభవానిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు.

సర్వేశ్వరరావుగారు సామాన్యులు కారు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఏ కాగితం మీదా 'సరే' అని రాయలేదు. పోనీ 'వద్దు' అనీ రాయలేదు. 'చర్చించండి' అని రాసేవారు. అందుకే ఆయన మీద ఇంతవరకు ఒక్క ఎంక్వయిరీ కూడా పడలేదు. ఇంతటి మచ్చలేని మనిషి చేతిలో గంగాభవాని ఉద్యోగం ఉంది. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారి కళ్లెదుట తెలుగులో ఒక్క కుల ధ్రువపత్రం ప్రింటయితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఇంటికే. ఆ ఇల్లు నడిచేది కూడా ఆమె మీదే. ఆమెకు భయం వేసింది.

చిక్కేమిటంటే ఆ కంప్యూటరులో తెలుగు అక్షరాలు లేవు. పేరు కొడితే వరసగా ఖాళీ గళ్లు పడుతున్నాయి.

"విశాఖపట్నం నుంచి కొనుక్కురావాలా?" అన్నారు సర్వేశ్వరరావుగారు.

"అక్కర్లేదు సార్. దీంతోపాటు వచ్చిన సీడీలే గోదాము. ఈ నల్లటి తెర మీద 'ఆప్ట్‌గెట్ ఇన్‌స్టాల్' అని కొట్టి, పక్కన మనకు కావలసిన ప్యాకేజీ పేరు కొడితే చాలు. అదే వెతికి తెచ్చి, ఎక్కడ పెట్టాలో అక్కడ పెడుతుంది."

"సిఫారసు లేకుండానే?"

"లేకుండానే సార్."

ఆయన నమ్మలేదు. ఆమె కొట్టి చూపించింది. తెర మీద ఒక పేరుకి బదులు పదకొండు పేర్లు వచ్చాయి.

"ఒకర్ని పిలిస్తే పదకొండు మందా!"

"ఆ ఒక్కటీ నడవాలంటే మిగతావి ఉండాలి సార్. వాటి మీద ఆధారపడింది. ఒక్కటి లేకపోయినా ఇది కదలదు."

"అచ్చం మన డిపార్టుమెంటే!" అని ఆయన ముచ్చటపడ్డారు.

కింద ఇంకొక వరస ఉంది. కొనసాగించమంటారా, వై కొట్టండి లేదా ఎన్ కొట్టండి, అని యంత్రం అడుగుతోంది. గంగాభవాని వై మీద వేలు పెట్టబోయింది.

"ఆగు! గవర్నమెంటు తరఫున ఎస్ అనడానికి నువ్వెవరు? ఆ మాటకొస్తే నేనెవర్ని?"

ఫైలు తయారై పై ఆఫీసుకి వెళ్లింది. ఇక్కడ రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయేది. జనరేటరు తిరిగాక ఆమె మళ్లీ కమాండు కొట్టేది. యంత్రం మళ్లీ అదే అడిగేది. అటెండరు అప్పలస్వామి దానివైపు జాలిగా చూసేవాడు. "ఏటి సార్, పాపం, అన్నిసార్లు అడుగుతంది. ఓ మాట సెప్పీరాదా?" అనేవాడు. పన్నెండు రోజులకి ఫైలు తిరిగొచ్చింది. ఎన్ కొడితే కలిగే లాభాలు కూడా పరిశీలించి పంపమని దాని మీద రాసి ఉంది.

ఆవేళే ప్రారంభోత్సవం. మంత్రిగారి కారు అనంతగిరి ఘాటీ ఎక్కుతోందని ఫోనొచ్చింది. మొదటి పత్రం అందుకోవలసిన బుధు కూతుర్ని వెంటబెట్టుకుని తెల్లారకముందే కొండ దిగొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "బేగి ఇచ్చీండి బాబూ, గుంటని ఆస్టల్లో దిగబెట్టాల" అంటున్నాడు. సర్వేశ్వరరావుగారు గుమ్మానికీ కంప్యూటరుకీ మధ్య తిరుగుతున్నారు.

"సార్, ఒకటి చూడండి. వై పెద్దక్షరంలో ఉంది, ఎన్ చిన్నక్షరంలో ఉంది. అంటే ఏమీ రాయకుండా ఊరికే ఎంటర్ కొట్టినా, ఒప్పుకున్నట్టే లెక్క" అంది గంగాభవాని.

"ఏమీ రాయకుండానా?"

"అవును సార్."

"రేపు ఎవరైనా అడిగితే?"

"మీరు ఎస్ అన్నట్టు ఎక్కడా ఉండదు."

సర్వేశ్వరరావుగారి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లుగా ఆయన వెతుకుతున్న పరిపాలనా విధానం ఆ తెర మీదుంది. స్వయంగా తన చేత్తో ఎంటర్ కొట్టారు. పదకొండు ప్యాకేజీలూ వరసగా దిగాయి. మంత్రిగారి సమక్షంలో బుధు పేరు చక్కటి తెలుగులో ప్రింటయింది. బుధు చప్పట్ల కోసం ఆగకుండా కూతురితో హాస్టలుకి పరుగెత్తాడు.

ఆ వారమే సర్వేశ్వరరావుగారు ఒక చరిత్రాత్మక సర్క్యులరు విడుదల చేశారు. తన బల్ల మీద పెట్టిన ఏ ప్రతిపాదనకైనా ఏడు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే! మంత్రిగారు దాన్ని 'సత్వర పాలన' అని మెచ్చుకున్నారు. ఆనాటి నుంచి సర్వేశ్వరరావుగారు 'చర్చించండి' అని రాయడం కూడా మానేశారు. పనులన్నీ చకచకా అయిపోతున్నాయి.

ఇంతలో రాజధాని నుంచి పొదుపు ఉత్తర్వు దిగింది. ప్రతి పోస్టు పక్కనా దాని మీద ఏమేమి ఆధారపడి ఉన్నాయో రాయాలట. ఏదీ ఆధారపడని పోస్టు దానంతటదే రద్దవుతుందట.

"ముందు కాంట్రాక్టోళ్లనే పీకేస్తారంట భవానమ్మా" అన్నాడు అప్పలస్వామి.

"ఆ ఫారమేదో నువ్వే నింపెయ్యమ్మా" అన్నారు సర్వేశ్వరరావుగారు, పేపరులోంచి తలెత్తకుండా.

ఆమె కూర్చుని నింపింది. ఆపరేటరు పోస్టు తీసేస్తే ధ్రువపత్రాలు, పింఛన్ల జాబితా, రేషను కార్డులు ఆగిపోతాయి. అటెండరు పోస్టు తీసేస్తే తాళం తీసేవాడుండడు, జనరేటరు తిరగదు. మూడో పోస్టు దగ్గర ఆమె చాలాసేపు ఆలోచించింది. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. 'ఏవీ లేవు' అని రాసింది. తీసుకెళ్లి సార్ బల్ల మీద, సరిగ్గా ఆయన ఎదురుగా పెట్టింది.

సర్వేశ్వరరావుగారు ఆ వారంలో దాన్ని రెండుసార్లు పక్కకి జరిపారు, టిఫిను పెట్టుకోవడానికి. ఎనిమిదోనాడు అది టపాలో వెళ్లింది. నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఆపరేటరు, అటెండరు కొనసాగుతారు. ప్రత్యేకాధికారి పోస్టు రద్దు.

ఆయన దాన్ని మూడుసార్లు చదివారు.

"దీనికి ఎస్ అన్నదెవరు?"

"ఎవరూ అనలేదు సార్" అంది గంగాభవాని.

మర్నాడు ఆఫీసు ఎప్పటిలాగే పదింటికి తెరిచారు. ఇరవైమూడు ధ్రువపత్రాలు ప్రింటయ్యాయి.