ఫ్రెడ్డీ కొట్టిన ఒకే ఒక్క గోల్

జంటనగరాల్లో ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినంత మరొకరికి తెలియదని పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఆ అధికారంతోనే, మధురానగర్‌లో మా డాబా మీది గదిలో అద్దెకున్న గోల్‌కీపర్ ఫ్రెడ్డీ జీవిత చరిత్రను లోకానికి సమర్పిస్తున్నాను.

అవి కంప్యూటర్లకు వైటూకే గండం గడిచిన రోజులు. అమీర్‌పేటలో జావా బోర్డు కట్టని కరెంటు స్తంభం లేదు. మా వీధి ఇడ్లీబండి అతను సైతం "ఒరాకిల్ అయిపోయిందా సార్?" అని అడిగాకే చట్నీ వేసేవాడు. పంజాగుట్టలో ఒక అద్దాల మేడలో అచ్యుతరావు గారి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. ఆయనకొక విదేశీ క్లయింటు, ఆ క్లయింటుకు ఫుట్‌బాల్ పిచ్చి. ప్రాజెక్టు చేజారకూడదని అచ్యుతరావు గారు మూతబడబోతున్న ఒక ఫుట్‌బాల్ జట్టును ఏకంగా కొనేశారు. ఇల్లు కొంటే గడప కూడా వచ్చినట్టు, జట్టుతోపాటు ఫ్రెడ్డీ వచ్చాడు.

ఆటగాళ్లంతా కంపెనీ ఉద్యోగులయ్యారు. మెడలో ఐడీ కార్డు వేసుకునే ఆడాలి. ముందు వరసలో ఆడే తారక్‌ను 'డెలివరీ' విభాగంలో వేశారు. గోల్‌కీపర్‌ను ఎక్కడ వేయాలో ఎవరికీ తోచలేదు. అతను చేసేది ద్వారం దగ్గర నిలబడటమే కదా అని సెక్యూరిటీలో వేసి, పద్ధతి ప్రకారం ఒక టార్చిలైటు కూడా ఇచ్చారు.

ప్రతి శుక్రవారం ఫ్రెడ్డీ రిపోర్టు పంపాలి. "ఈ వారం ఏమీ జరగలేదు" అని పంపేవాడు. ఒక గోల్‌కీపర్ ఇంతకన్నా ఘనమైన వార్త చెప్పలేడు. మానవ వనరుల అధికారిణి కమలకుమారి గారు "వచ్చే వారం ఏదైనా జరిగేలా చూడగలరు" అని మర్యాదగా జవాబిచ్చేవారు.

ఇంతలో ప్రేమ వచ్చిపడింది. అమ్మాయి పేరు లోయిస్. అమీర్‌పేటలో నలభై అయిదు రోజుల్లో మూడేళ్ల అనుభవం సంపాదించి, అచ్యుతరావు గారి కంపెనీలోనే చేరింది. ఆమె తండ్రి దయానందం గారు గుంటూరు నుంచి వచ్చి బల్కంపేటలో స్థిరపడ్డ రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఫ్రెడ్డీకి తల్లిదండ్రులు లేరు గనుక పెద్దమనిషి హోదాలో నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఎన్నాళ్లుగా ఆడుతున్నావు బాబూ?" అన్నారు దయానందం గారు.

"ఏడేండ్లు అంకుల్."

"ఎన్ని గోల్స్ కొట్టావు?"

"నేను కొట్టను అంకుల్. ఆపుత."

"అంటే పైవాళ్ల పనికి అడ్డం పడతావన్నమాట. మరి సొంతంగా ఏం చేస్తావయ్యా?"

ఫ్రెడ్డీ నావైపు చూశాడు. నేను బిస్కెట్‌వైపు చూశాను. ఫుట్‌బాల్ మహాజ్ఞానిని కదా, ఆదుకోవచ్చుగా అంటారేమో. నిజం చెప్పాలంటే అప్పటికి నేను చూసింది ఒకే ఒక్క మ్యాచ్. అందులో ఒక నల్లచొక్కా ఆయన ఎవరి పక్షమూ వహించకుండా, బంతి తన్నకుండా మైదానమంతా పరుగెత్తుతుంటే, ఈయనే అసలైన ఆటగాడని విరామం దాకా చప్పట్లు కొట్టాను. ఆయన రిఫరీ అని పక్కవాడు చెప్పాడు.

చివరికి దయానందం గారు తీర్పు చెప్పారు. "ఏప్రిల్‌లో నీ ఉద్యోగం ఉంటే మే నెలలో చర్చి మాట్లాడతాను. లేదంటే డేటాబేస్ అబ్బాయి ఒకడు సిద్ధంగా ఉన్నాడు."

మర్నాడే కమలకుమారి గారు ఫ్రెడ్డీని పిలిపించారు. "మీ మీద నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదండీ. మీ పేరు పక్కన గోల్స్ గడిలో సున్నా ఉంది. సున్నా ఉన్నవాళ్లను మార్చి నెలాఖరుకు పంపించేయమని సాఫ్ట్‌వేర్ చెబుతోంది."

"మేడమ్, గోల్‌కీపర్‌కి సున్నా ఉండుడే మంచిది."

"అందరూ ఏదో ఒక కారణం చెబుతారండీ."

అప్పటికే జట్టు పూర్తిగా కంపెనీ బాట పట్టింది. జీతాలు తేల్చే అప్రైజల్‌లో గోల్స్‌కే మార్కులు, బంతి అందించినవాడికి ఏమీ లేవు. కాబట్టి ఎవరూ ఎవరికీ బంతి ఇవ్వడం లేదు. సాటి ఆటగాడి కాళ్ల మధ్య నుంచి బంతి లాక్కుని తారక్ 'టీమ్ ప్లేయర్' బహుమతి గెలుచుకున్నాడు. ఫ్రెడ్డీ వెళ్లి ఒక్క పెనాల్టీ తనను కొట్టనివ్వమని అతన్ని బతిమాలాడు.

"జర సమజ్ చేసుకో భాయ్. నా టార్గెట్‌కే గోల్స్ తక్కువున్నయ్. నీకిస్తే నాకెవలిస్తరు?" అన్నాడు తారక్.

సరేనని ఒక మ్యాచ్‌లో ఫ్రెడ్డీ గోల్ వదిలేసి తానే ముందుకు పరుగెత్తాడు. ఎదుటి జట్టువాళ్లు ఖాళీ గోల్ చూసి మొహమాటపడి, "ఎవరన్నా ఉన్నరా?" అని కేకేసి, జవాబు రాకపోతే బంతి లోపల పెట్టి వెళ్లారు.

మార్చి ఆఖరి మ్యాచ్‌కు ముందు సాయంత్రం లోయిస్ మా డాబా మీదికి వచ్చింది. ఫ్రెడ్డీ వంకరపోయిన వేళ్లకు జండూబామ్ రాసుకుంటున్నాడు.

"ఆ సాఫ్ట్‌వేర్ రాసింది నేనే ఫ్రెడ్డీ. ఎవరు కొట్టారు, ఎన్ని కొట్టారు. రెండే గడులు అడిగారు. ఏ గోల్‌లో కొట్టారన్న గడి ఎవరూ అడగలేదు" అంది.

ఫ్రెడ్డీకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం చిన్నబోయింది. "గది చెయ్యనీకి నా చేతులు రావు లోయిస్."

"సరే. ఎల్లుండి డేటాబేస్ అబ్బాయి టీకి వస్తున్నాడు. నువ్వూ రా, బిస్కెట్లు అందిద్దువు గాని" అని మెట్లు దిగిపోయింది.

మ్యాచ్ ఆఖరి నిమిషం దాకా ఎవరూ గోల్ కొట్టలేదు. అప్పుడు ఎదుటివాడొకడు తన్నిన బంతిని ఫ్రెడ్డీ గాలిలోకి ఎగిరి, మెడలో ఐడీ కార్డు ఎగురుతుండగా, రెండు చేతులా పట్టేశాడు. నాకే ఒళ్లు జలదరించిందంటే చూసుకోండి. తర్వాత అతను బంతిని గుండెలకు హత్తుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. వెనక్కి తిరిగాడు. పసిపిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు బంతిని సొంత వలలో పెట్టాడు.

కప్పు ఎదుటి జట్టుకు వెళ్లింది. కంపెనీ లెక్కల్లో మాత్రం ఆ మ్యాచ్‌లో ఏకైక గోల్ ఫ్రెడ్డీది.

పంజాగుట్టలో ఒక పెద్ద హోటల్లో సన్మానం. అచ్యుతరావు గారు శాలువా కప్పి ఇలా ఉపన్యసించారు: "మిత్రులారా! అందరూ గోల్ కోసం ముందుకు పరుగెత్తారు. ఎవరికీ దొరకలేదు. అది తన వెనకాలే ఉందని ఫ్రెడ్డీ ఒక్కడే కనిపెట్టాడు. పరుగు లేదు, చెమట లేదు, ఒక్క అడుగులో ఫలితం! వనరుల పొదుపంటే ఇదీ!"

హాలు దద్దరిల్లింది. అప్పుడు వెనక వరసలోంచి కోచ్ రామకృష్ణ లేచాడు. "సార్, గా గోల్ మన దాంట్లనే పెట్టిండు. మనం ఓడిపోయినం సార్."

"నెగటివ్‌గా ఆలోచించకండి రామకృష్ణ గారూ" అన్నారు కమలకుమారి గారు. ఆయన కూర్చున్నాడు.

మే నెలలో పెళ్లయింది. "మా అల్లుడు గోల్స్ మనిషి" అని దయానందం గారు చర్చి మెట్ల మీద దొరికినవాడికల్లా చెప్పారు. మరుసటి ఏడు జట్టు మొత్తం సొంత గోల్‌వైపే తిరిగి ఆడింది. ఫలితాలు దేశంలోనే ప్రథమం. అమీర్‌పేటలో దానికి కోర్సు కూడా వెలిసింది, డెమో క్లాసు ఉచితం. క్లయింటు మాత్రం ఎందుకో ఫుట్‌బాల్ చూడటం మానేశాడని తెలిసింది. ఫ్రెడ్డీ ఇప్పుడు మేనేజరు. అతని చేతి తొడుగులు మా డాబా తీగ మీదే ఉన్నాయి. తీసుకెళ్లమంటే "ఉండనీ తాతా" అన్నాడు.

ఇందులో కల్పన ఎంత అని మీరు అడుగుతారు. సొంత వల, శాలువా, టార్చిలైటు ఇవన్నీ అక్షరాలా జరిగినవే. నేను కల్పించింది ఒక్కటే. రామకృష్ణ లేవలేదు. ఎవరూ లేవలేదు. ఆ హాల్లో ఉన్నవాళ్లందరికీ ఏం జరిగిందో తెలుసు. కానీ అది అప్రైజల్ నెల. అంతమందిలో ఒక్కడూ లేవలేదంటే చదివేవారికి చిన్నతనంగా ఉంటుందని, మీ గౌరవం కోసం నేనే ఒకణ్ణి లేపి నిలబెట్టాను.