రోజుకో సర్టిఫికెట్

ఆ సోమవారం ఎమ్మిగనూరులో బస్సెక్కేటప్పుడు జయతీర్థ పెట్టుకున్న పని ఒక్కటే. ఆదోనిలో తాను పనిచేసే పత్తి మిల్లు కూలీలు నలభైమందికీ అగ్నిప్రమాదాల పాఠం కంప్యూటరులో ఎక్కించాలి. పాఠం విని ప్రశ్నలకు జవాబులు నొక్కితే ఏడాది చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. గడువు తీరితే మళ్లీ వినాలి. సర్టిఫికెట్ లేనివాళ్లకు గేటు తెరుచుకోదు. ఇది చక్కగా సాగితే నెలాఖరుకు ఈ ట్రైనింగ్ ఆఫీసరు ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

గడువు గడిలో ఒకటి అని కొట్టాడు. పక్కనున్న 'రోజు'ను 'సంవత్సరం'గా మార్చాలని ఆ మహానుభావుడికి తట్టలేదు. పని అయిపోయిందనుకుని టీకి పోయాడు.

ఇంకో తిరకాసు ఉంది. ఫోన్ నంబరు అడిగితే నలభైమందీ మేస్త్రి హనుమక్క నంబరే ఇచ్చారు. రేషన్ కార్డు మొదలు ఆసుపత్రి చీటీ దాకా ఆ ముఠాలో అందరి నంబరూ అదే. పాఠాలన్నీ ఆమె ఫోన్‌కే వచ్చాయి. ఆమె గేటు దగ్గర స్పీకరు పెట్టి వినిపించి, ఒక్కొక్కరినే పిలిచి జవాబులు నొక్కించింది.

మంగళవారం పొద్దున గేటు తెరుచుకోలేదు. సరిగా విని ఉండరని జయతీర్థ కసురుకున్నాడు. మళ్లీ విన్నారు. బుధవారమూ అదే తంతు. గురువారం హనుమక్క నిలదీసింది.

"నిన్న పాసైనోళ్లం ఈపొద్దు ఎట్ల ఫెయిలైతాం సామీ? పడుకుని లేస్తే మర్సిపోతామా?"

అప్పుడు కంప్యూటరు తెరిచి చూసుకున్నాడు. గడువు గడిలో ఒకటి పక్కన ఇంకా 'రోజు' అనే ఉంది. దిద్దబోతుండగానే యజమాని ఆదెప్ప పిలిపించాడు. నాలుగు రోజులుగా కారులోంచి చూస్తున్నాడట, కూలీలంతా చేతులు కట్టుకుని పాఠం వింటున్నారట. పొంగిపోయి, తమ దగ్గర పత్తి కొనే కోయంబత్తూరు కంపెనీకి ఫోన్ చేసి, మా మిల్లులో రోజూ శిక్షణే అని గొప్పలు చెప్పేశాడు. నెలాఖరుకు వాళ్లు తనిఖీకి వస్తారు.

"ఇంత ఉషారైనోడివని అనుకోలేదప్పా. దాన్ని యాడా మార్సొద్దు," అన్నాడు.

పాపం జయతీర్థ, నిజం మింగలేకా కక్కలేకా మూడు వారాలు గడిపాడు. ఈలోగా యేసేపు అనే ముసలాయన బిగించి కట్టిన పత్తి బేళ్లు దొర్లిస్తూ పాఠాన్ని పదంలా పాడుకోసాగాడు.

తనిఖీకి రమాబాయి అనే పెద్ద అధికారిణి వచ్చింది. బేలుకు మంట అంటుకుంటే ఏం చేస్తావని నేరుగా ఆ ముసలాయన్నే అడిగింది.

"మొదాల మిషన్ ఆపాల, గంట కొట్టాల, బేలును బయటికి ఈడ్సాల. పైన ఆరినట్టే ఉంటాదమ్మా, లోపల రాజుకుంటాంటాది," అన్నాడాయన తడుముకోకుండా.

ఎవరిని అడిగినా అదే జోరు. ఆమె ముచ్చటపడి, లోపల రాజుకుంటోందని కనిపెట్టేదెలాగో చెప్పమని జయతీర్థ వైపు తిరిగింది. బయటినుంచి తయారుగా వచ్చిన పాఠాన్ని అతడు ఎక్కించాడే గానీ ఒక్కసారీ వినలేదు. సిగ్గుతో చచ్చిపోయి, ఆదెప్ప ముందే ఒప్పేసుకున్నాడు.

"తప్పు నాదే సార్. సంవత్సరమని పెట్టాల్సింది, రోజని పెట్టినాను."

కూలీలందరూ పాస్, శిక్షకుడు ఫెయిల్ అని రాసి రమాబాయి వెళ్లిపోయింది. ఆదెప్ప ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీ తప్పే మిల్లును నిలబెట్టింది. ఉద్యోగం నీదే పో. రేపట్నుంచి నువ్వూ గేటుకాడ కూసో."

మరునాడు హనుమక్క అతణ్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది. రెండుసార్లు తప్పు నొక్కితే మళ్లీ మొదటినుంచి వినిపించింది. మూడోసారికి గట్టెక్కాడు.

ఉద్యోగం పర్మనెంటు, సర్టిఫికెట్ మాత్రం రేపు పొద్దుటిదాకానే.