బావికి తలంటు

పొద్దున్నే పాల కోసం ఫ్రిజ్ తలుపు తీసిన కెమిస్టుకి, నిండుగా ఉండాల్సిన గాజు సీసా ఖాళీగా, శుభ్రంగా కడిగిపెట్టినట్టు కనిపించింది.

అందులో ఉండాల్సింది కుంకుడుకాయల నుంచి తీసిన సారం. భూమి లోపల చమురు రాతి సందుల్లో జిడ్డులా అంటుకుపోతుంది. నీళ్ళు ఎంత పంపినా పక్కనుంచి జారిపోతాయే తప్ప దాన్ని కదపలేవు. ఆ పట్టు వదిలించడానికే ఈ సారం. నురుగు పొంగితే పంపుల పని ఆగిపోతుందని, నురుగు రాకుండా దాన్ని సరిచేసేసరికి అతని ప్రాణం తోకకొచ్చింది. ఇవాళ కంపెనీ పెద్ద మేడం ల్యాబులో దాని పనితనం చూస్తారు. బాగుందంటే కంపెనీ పాత చమురు బావి బతుకుతుంది. లేదంటే సిమెంటు పోసి మూసేస్తారు. ఆ బావికి ఫోర్‌మన్ స్వయానా అతని మామగారు. ల్యాబులో ఫ్రిజ్ చెడిపోబట్టి సీసా ఇంటికి చేరింది. ఈ పరీక్ష చూడటానికి మామగారూ ముందురోజే దిగారు.

అల్లుడి పని మీద ఆయనకి ఏనాడూ గురి లేదు. రాత్రి భోజనాల దగ్గర కూడా ఊరుకోలేదు. "బావికి తలంటు పోస్తారటగా అల్లుడుగారూ, తుడవడానికి తువ్వాలు కూడా మీరే తెస్తారా?" అని అడిగారు.

కెమిస్టు ముందూ వెనకా చూడకుండా భార్యని నిలదీశాడు. వాసన పడక పారబోసి ఉంటావన్నాడు. గిన్నెలు తోముతున్న ఆవిడ, చేతిలోని లిక్విడ్ సబ్బు డబ్బా ఠక్కున అతని ముందు పెట్టింది.

"నేను వాడేది ఇది. మీ పసరుతో నాకేం పని? ఇకమీదట మీ గిన్నెలు మీరే తోముకోండి."

తయారై వచ్చిన మామగారు గొంతు సవరించుకున్నారు. ఏదో అనబోయి, బూట్ల లేసులు కట్టుకోవడంలో మునిగిపోయారు. ఆయన పనిలో వేసుకునే కోటు తళతళలాడుతోంది.

"కొత్తదా మామయ్యగారూ?"

"ఊఁ," అంటూ ఆయన పైగుండీ కూడా పెట్టుకున్నారు.

కోటు గురించి ఆలోచించే తీరిక కెమిస్టుకి లేదు. అతని చూపు సబ్బు డబ్బా మీదే ఉంది. మళ్ళీ సారం తీయాలంటే వారాలు పడుతుంది. చేస్తున్నది తప్పని తెలుసు కాబట్టే, ఎవరూ తనవైపు చూడకపోయినా తలుపు చాటుకి వెళ్ళి ఖాళీ సీసాలో కలిపాడు. సబ్బు, నీళ్ళు, రంగు కోసం మిగిలిపోయిన టీ డికాక్షన్.

ల్యాబులో పాత బావి రాతి ముక్కని చమురుతో తడిపి ఉక్కు గొట్టంలో బిగించారు. పంపు ఒకవైపు నుంచి సీసాలోది తోస్తే, రెండోవైపు చమురు బొట్లుబొట్లుగా గాజు జాడీలోకి దిగాలి. దిగింది కూడా. మేడం మెచ్చుకోలుగా తల ఊపారు. అది చూసి సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

అంతలో ఒక బుడగ వచ్చింది. దాని వెనకే దాని బంధువర్గమంతా వచ్చింది. నురుగు జాడీ నిండి బల్ల మీదికి పొంగింది. పంపు ఆపబోయి కంగారులో అతను మీట ఎదురు తిప్పాడు. నురుగు మేడం బూట్లు ముంచి, గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళింది. అక్కడెవరో జారిపడిన చప్పుడైంది.

మేడం గాలి పీల్చి చూశారు.

"నురుగు రాదని రాసింది మీరేగా? అయినా కుంకుడుకాయకి నిమ్మకాయ వాసన ఎప్పట్నుంచి?"

కెమిస్టు తలెత్తకుండా అంతా చెప్పేశాడు. ఖాళీ సీసా, గిన్నెల సబ్బు, డికాక్షన్, పొద్దున్నే నింద మోసిన భార్య. చెబుతుంటే, ఆ నురుగులోనే మునిగిపోతే బాగుండనిపించింది. అయితే సారం సంగతి తేలనట్టేనని, బావి మూసేయమని సంతకం పెట్టేస్తానని మేడం పెన్ను తీశారు.

"కాస్త ఆగండమ్మా," అన్నారు మామగారు. కోటు విప్పి, బల్ల మీద నురుగు లేని చోటు చూసి పరిచారు.

"ఆ సీసా ఖాళీ చేసింది నేను. బట్ట మీద మరకే వదిలించలేనిది రాతిలో చమురేం వదిలిస్తుంది, అల్లుడి గాలి తీద్దామని కోటు చేతి మీద ఓ చుక్క వేశాను. ఉద్యోగంలో చేరిననాటి చమురు మరకమ్మా అది. మా ఆవిడ ఉతికి ఉతికి వదిలేసింది. అలాంటి మరక ఆ చుక్కకి కళ్ళముందే జారిపోయింది. ఒక చెయ్యి తెల్లగా, ఒక చెయ్యి నల్లగా ఏం బాగుంటుందని రెండోదీ ఉతికాను. తర్వాత వీపు. తర్వాత ప్యాంటు. అమ్మాయి మాటపడ్డప్పుడైనా నోరు విప్పాల్సింది, సిగ్గేసింది. నా సిగ్గు కోసం బావి మూతపడితే ఎలా?"

మేడం నురుగులోనే నిలబడి కోటు చేతులు తిప్పి తిప్పి చూశారు. పెన్నుకి మూత పెట్టారు. కొత్త సారం తన కళ్ళముందే తీయాలని, అప్పటిదాకా బావి జోలికి ఎవరూ వెళ్ళొద్దని చెప్పి, తడి బూట్లు కిచకిచమంటుంటే వెళ్ళిపోయారు.

మామగారు అల్లుడి పక్కకి వచ్చి గొంతు తగ్గించారు.

"ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి అల్లుడుగారూ. టోపీ దగ్గరికొచ్చేసరికి సీసా అయిపోయింది. కొత్తది ఎప్పటికి తయారవుతుంది?"