ఏకాక్షమర్దనము అను ఖాళీగది సమరం

ముక్కులో ఊపిరి మంచుముక్కగా మారు ఫిబ్రవరి మాసంబున, తుషారధూళిధూసరితదిగంతరమై, శీతమారుతహుంకారభీకరమై, ఘనీభూతనదీతీరవిరాజితమై, రాత్రంతా గోడ ప్లగ్గుకు కట్టేసి వెచ్చబెడితే గాని కారు కదలని కెనడా దేశపు సస్కచెవాన్ మహామైదానమధ్యమున, ఒకానొక విశ్వవిద్యాలయమందు, సివిల్ ఇంజనీరింగు శాఖవారి సౌధరాజము గలదు. అది హరితభవనము. పాతినుమును కరిగించి పోసిన స్తంభములును, బూడిద కలిపిన కాంక్రీటు కుడ్యములును, వాననీటితో కడుగబడు మరుగుదొడ్లును, ద్వారముననే బంగారువన్నె ధ్రువపత్రఫలకమును గలిగి, చూచినవారెల్ల చేతులు జోడించునట్టి మహాసౌధము. సమాసం ఇంకా పొడిగించొచ్చు. పొడిగించను. అసలు సంగతేమిటంటే, ఆ భవనంలో స్విచ్ లేదు.

ఏ గదిలోనూ లేదు. దీపం వేసుకునే హక్కు మనిషి చేతిలోంచి లాక్కుని పైకప్పుకు అప్పగించారు. ప్రతి కప్పుకూ కోడిగుడ్డంత తెల్లని బుడిపె, దాని నడుమ ఒక్క కన్ను. వాడే ఏకాక్షుడు. శరీరోష్ణచలనమాత్రగోచరుడు, నిశ్చలజనతిరస్కారధురంధరుడు, అకాలతిమిరప్రదాత. వెచ్చనిదేదైనా కదిలితే దీపం వెలిగిస్తాడు, కదలకపోతే ఆర్పేస్తాడు. భూగోళాన్ని రక్షించే పైచదువులు చదువుతున్న మహామహులం మేం, పుస్తకం మీద వంగి కాసేపు నిజంగా ఆలోచించామా, చీకటే. అందుకని మా శాఖలో ఒక ఆచారం పుట్టింది. దీపం ఆరగానే మాట ఆపం, తల ఎత్తం, చెయ్యి మాత్రం పైకెత్తి ఈగలు తోలినట్టు ఊపుతాం. కొత్తవాళ్లు పలకరిస్తున్నామనుకుని తిరిగి ఊపుతారు. దీపం వెలుగుతుంది. వెలిగింది కదా అని ఊరుకుంటాం. ప్రజల హక్కుల గురించి క్యాంటీన్ బల్లలెక్కి అరిచిన గొంతుల్లో ఒక్కటి కూడా వెళ్లి స్విచ్ అడగలేదు. అరిచే గొంతులు అరిచాయి, ఊపే చేతులు ఊపాయి. అవీ ఇవీ మావే.

అట్టి సౌధమున, గోధుమక్షేత్రసంజాత, మీటరుపఠనదీక్షాబద్ధకంకణ, కాఫీమాత్రాహార, ట్రూడీ హ్రినియుక్ అను వీరాంగన మాస్టర్సు డిగ్రీకై తపస్సు చేయుచుండెను. ఆమె తపస్సుకు విషయం ఆ ఏకాక్షుడే. కన్నున్న దీపాల వల్ల భవనానికి ఎంత కరెంటు మిగులుతోంది అన్నది ప్రశ్న. చలికాలాల తరబడి మీటర్లు చదివి, దీపాల ఖర్చులో దాదాపు సగం మిగులుతోందని తేల్చింది. ఆ అంకె విని విశ్వవిద్యాలయ ప్రభువులు పరవశించి, హాస్టళ్లలో కూడా స్విచ్‌లు పీకేయించే ఆలోచనలో పడ్డారు. అంకె వచ్చిన తీరు సులువే. ఏ గదిలో కదలిక లేదని కన్ను చెబితే, ట్రూడీ పట్టికలో ఆ గది ఎదుట ఒక మాట పడేది: ఖాళీ. ఆ మాట మీద ఆమెకు గాని, ఆమె గురువుకు గాని, రోజూ చీకట్లో చేతులూపే మాకు గాని ఒక్క అనుమానం రాలేదు. ఇంత చదువుకుంటే గాని ఇలాంటి తప్పు చేతకాదు.

ఇక పరీక్షాదినము. సిద్ధాంతగ్రంథమును పరీక్షకుల ఎదుట నిలబడి కాపాడుకోవలసిన దినము. గెలిచితివా, డిగ్రీ. ఓడితివా, ఇదే భవనంలో, ఇవే మీటర్ల ముందు, ఇంకో చలికాలం. ఇంకో చలికాలం అన్న మాట తలచుకుంటేనే ట్రూడీకి మోకాళ్లు వణికేవి. ఆ వణుకు కన్నుకు కనబడి దీపం వెలిగేదని కొందరంటారు గానీ అది మావాళ్ల పైత్యం.

రణరంగము నేలమాళిగలో, కిటికీ లేని గది. అక్కడి ఏకాక్షుడికి గాలిగొట్టం ఒకటి అడ్డం. వాడి చూపు పడేది వెనకవరస కుర్చీల మీద, బల్ల మధ్య కుర్చీ మీద, అంతే. బల్ల చివర్ల కూర్చున్నవాడు తాండవం చేసినా వాడికి లెక్కలోకి రాడు. ఈ రహస్యం ఎరిగిన ట్రూడీ యుద్ధానికి ముందే వెనకవరసలో ఒక సేనానిని నిలిపింది. అతడు వెస్లీ ముస్కెగో, ఆమె సహపాఠి, ఉత్తరాన తమ క్రీ ఆదివాసుల ఊళ్లో బూజు పట్టని ఇళ్లు కట్టడమెలాగో చదువుతున్నవాడు.

"నువ్వు చేయాల్సింది ఒక్కటే. కదులుతూ ఉండు," అంది ట్రూడీ.

"ఎంతసేపు?"

"నేను మాట్లాడినంతసేపూ."

"చిన్నప్పుడు చర్చిలో కదలకురా అని మా అమ్మ నెత్తిన మొట్టేది," అన్నాడు వెస్లీ. "నాలో ఉన్న విద్యని ఇన్నాళ్లకి ఒకళ్లు గుర్తించారు."

పరీక్షకులకు అభ్యర్థి ఏదో ఒకటి వండి తేవడం మా రివాజు. ట్రూడీ వేయించిన ఉల్లిపాయల్లో ముంచెత్తిన ఆలుగడ్డ పెరోగీలు, అనగా ఉడికించిన కారపు కజ్జికాయలు, వేడివేడిగా తెచ్చి, పళ్లెం మీద రేకు కప్పి, పక్కబల్ల మీద పెట్టింది. పరీక్షకులు విచ్చేశారు. విన్నిపెగ్ నుంచి మంచుదారిన వచ్చిన డాక్టర్ లిసెట్ బెరార్, పరాయి విశ్వవిద్యాలయపు పరీక్షకురాలు, అతిథి గనుక మధ్య కుర్చీ ఆమెకిచ్చారు. ఒక చివర ట్రూడీ గురువు ప్రొఫెసర్ ఆల్డెన్ క్విల్. రెండో చివర పరీక్షాధ్యక్షుడు, ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు, ఆయనకి కూడా దాని మీద పట్టింపు లేదు.

ఉపన్యాసము సాగెను. వెనక వెస్లీ, ఝంఝామారుతాందోళితగోధుమకంకిసదృశుడై, కుడికి ఎడమకు, ముందుకు వెనక్కు ఊగుచుండెను. దీపం నిలిచింది. బెరార్ ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, ఆ అబ్బాయికి ఒంట్లో బాగుందా అని క్విల్‌ను మెల్లగా అడిగింది. విషయం విని కదిలిపోతున్నాడని క్విల్ జవాబిచ్చాడు.

అయితే, ఉపన్యాసం ముగిశాక చూడవచ్చినవాళ్లను బయటికి పంపి తలుపు మూసి ప్రశ్నలడగడం నియమం. ట్రూడీ సైన్యం యావత్తూ, అనగా వెస్లీ, గది విడిచి వెళ్లిపోయింది. లోపల మిగిలినది నలుగురు. ట్రూడీ తెర పక్కన, గాలిగొట్టం నీడలో. బెరార్ మధ్య కుర్చీలో, చేతులు ఒడిలో పెట్టుకుని, రెప్ప కూడా వేయకుండా పట్టిక చూస్తోంది. ఆవిడ చదివేటప్పుడు కదలదు. నిర్వాతదీపశిఖోపమాన, శిలాప్రతిమాసమాన, ఏకాక్షునికి పరమానందదాయిని.

దీపం ఆరింది.

క్విల్ చెయ్యి లేచింది, అధ్యక్షుడి చెయ్యి లేచింది, ట్రూడీ చెయ్యి లేచింది. అన్నీ గాలిగొట్టం చాటునే లేచాయి. అంధకారము గహ్వరములందు గర్జించెను. గర్జించలేదు, హీటరు రొద అది.

"డాక్టర్ బెరార్, కొంచెం చెయ్యి ఊపుతారా? అది మీ కుర్చీనే చూస్తుంది," అంది ట్రూడీ.

"ఊపను," అంది చీకట్లోంచి బెరార్. "కావాలనే కదలట్లేదు. ఇప్పుడు ఈ గది గురించి మీ పట్టికలో ఏమని పడుతుంది?"

ట్రూడీ చెయ్యి దించింది. "ఖాళీ అని."

"మనం నలుగురం ఉన్నాం కదా, అమ్మాయ్."

అదీ బాణం. గుండెలో దిగింది. మిల్లీమీటరు లెక్కన పగుళ్లు కొలిచే శాఖలో ఇంతకాలం కనబడని పగులు, దీపం ఆరాక కనబడింది. ట్రూడీకి తన అంకె కాళ్ల కింద నుంచి జారిపోతున్నట్టయింది. ముందు వెలుగు రావాలి, తర్వాత జవాబు. ఆమె ఆయుధపరంపర ప్రయోగించింది. చేతిలోని లేజరు చుక్కను శత్రువు కంట్లోకి గురిపెట్టి కొట్టింది. వాడికి వెచ్చన కావాలి, చుక్కలతో పనిలేదు. జేబులోని ఉన్ని చేతితొడుగు విసిరింది. అది చల్లగా ఎగిరి చల్లగా అధ్యక్షుడి మీద పడింది. ఆయన "థాంక్యూ" అన్నాడు. పిదప వెనకవరస చేరుదామని ముందుకు దూకి, తీగ తట్టుకుని, కుర్చీ ఒరుసుకుని, మోకాలు గుద్దుకుని, పక్కబల్ల మీద వాలిపోయి, చేతికి తగిలినదాన్ని రెండు చేతులా పట్టుకుని లేచింది. తగిలింది పెరోగీల పళ్లెం. రేకు జారిపోయింది. పొగలు కక్కే పళ్లెం, చాచిన చేతుల చివర, గాలిగొట్టం దాటి శత్రువు చూపులోకి వెళ్లింది.

దీపం వెలిగింది.

నలుగురు పండితులను మనుషులుగా గుర్తించని ఆ కన్ను ఆలుగడ్డ పెరోగీలను గుర్తించింది. బెరార్ పళ్లెం వంకా, కప్పు వంకా, ట్రూడీ వంకా చూసింది.

"ఇప్పుడు గదిలో ఎవరున్నట్టు?"

"పెరోగీలు," అన్నాడు క్విల్, తనలో తాను అనుకుంటున్నట్టు. గురువుగా తన పరువు కూడా అందులోనే పోయిందని ఆయనకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

అంతట నవ్వు కూడా రాలేదు ఎవరికీ. ఎందుకంటే పట్టికంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. అప్పుడా వీరాంగన, పలాండుపరిమళపరివేష్టితయై, నవనీతసిక్తహస్తయై, జానుఘాతవేదనాకుంఠితయైనను ధీరోదాత్తస్వరంబున, చతుర్దిశాప్రతిధ్వనితంబుగా, ప్రళయపర్జన్యగంభీరంబుగా ఇట్లనియె:

"నా పట్టికలో అంకె తప్పు కాదు, మాట తప్పు. అక్కడ ఉండాల్సింది 'ఖాళీ' కాదు, 'కదలలేదు'. దీపం ఆరిన గదుల్లో మనుషులున్నారు. మా చదువుకునే గదిలో సాయంత్రం దీపం ఆరితే, చెయ్యి ఊపే ఓపిక లేక తెర వెలుగులోనే పని చేసుకుంటాం. అందరం. నేనూ. నా గురించి నేనే ఖాళీ అని రాసుకున్నా."

బెరార్ పెన్ను మూత పెట్టలేదు. ఒప్పుకోవడం బాగుందంది. కానీ మిగిలిన కరెంటులో ఎంత నిజంగా ఖాళీ గదులది, ఎంత చీకట్లో కూర్చున్న మనుషులది, అది తెలియకుండా ఈ అంకెను హాస్టళ్ల దాకా ఎలా పంపమంటారని అడిగింది.

"తెలుసుకోవాలంటే ఇంకో చలికాలం కొలవాలేమో," అంది.

ఇదే, ట్రూడీ ఇన్నాళ్లూ భయపడుతున్న వాక్యం. ట్రూడీ పళ్లెం కింద పెట్టలేదు.

"అక్కర్లేదండి. కంప్యూటర్ల కరెంటు వేరే మీటరు మీద నడుస్తుంది. ఆ లెక్క మొత్తం నా దగ్గరుంది. దీపం ఆరి, కంప్యూటర్ నడుస్తుంటే, అక్కడ మనిషి ఉన్నట్టే. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది. ఇన్నాళ్లూ పెట్టి చూడలేదు."

"ఎందుకని?"

"ఖాళీ అని రాసి ఉందిగా. ఖాళీ గదిలో ఎవరున్నారని ఎందుకు వెతుకుతాం?"

బెరార్ మొహంలో ఏమీ కదలలేదు. ఏకాక్షుడు మళ్లీ దీపం ఆర్పే ఆలోచనలో ఉన్నాడు. ట్రూడీ ఇంకో మాట కూడా అనేసింది, గ్రంథంలో లేనిది: ఎన్ని కళ్లు పెట్టినా పెట్టండి, గోడకి ఒక స్విచ్ ఉండాలి, చీకట్లో కూర్చున్న మనిషి చేతికి అందేలా. అది సివిల్ ఇంజనీరింగా అని అధ్యక్షుడు అడిగాడు. అదే సివిల్ ఇంజనీరింగ్ అంది ట్రూడీ.

ఆమెను బయటికి పంపారు. ఇదీ రివాజే. అభ్యర్థి గది బయట నిలబడాలి, లోపల చేతులెత్తి తేలుస్తారు. క్విల్ ఎత్తుతాడు. అధ్యక్షుడు ఎవరెత్తితే వాళ్లతో ఎత్తుతాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకురాలి చెయ్యి లేవకపోతే ఆ రెండు చేతులూ గాలిలో వేలాడాల్సిందే.

నడవలో వెస్లీ కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ మూసిన తలుపు కింది సందు చూస్తూ నిలబడ్డారు. సందులో వెలుతురు సన్నగా ఉంది.

"పెరోగీలు లోపలే వదిలేశావా?" అన్నాడు.

"ఊఁ."

"అయితే తింటున్నారు. తినేవాళ్లు ఎవర్నీ ఫెయిల్ చేయరు."

సందులో వెలుతురు పోయింది.

"తినడం మానేశారు," అన్నాడు వెస్లీ.

ట్రూడీ లెక్క కట్టింది. వెనకవరసలో ఎవరూ లేరు గనుక ఇప్పుడు కన్ను చూసేది ఒక్క మధ్య కుర్చీనే. చీకటి అంటే బెరార్ కదలడం లేదు. కదలడం లేదంటే పట్టిక మళ్లీ చదువుతోంది. క్విల్ బతిమాలుతుండొచ్చు, అధ్యక్షుడు గడియారం చూస్తుండొచ్చు, వాళ్లిద్దరూ ఆ కంటికి లేనట్టే. ఆవిడొక్కతే ఉంది. ఉండీ, లేనట్టుంది. ట్రూడీకి ఇంకో చలికాలపు మంచు అప్పుడే పాదాల మీద పడుతున్నట్టు తోచింది. భూనభోంతరాళములు స్తంభించెను. నడవ దీపం కూడా స్తంభించి ఆరబోతే వెస్లీ చెయ్యి ఊపాడు.

తలుపు కింద వెలుతురు వచ్చింది.

సన్నని తెల్లని గీత. బూట్ల ముందు నేల మీద పరుచుకుంది.

"ఏమైంది? ఇంకో పెరోగీ తీసుకుందా?"

"పళ్లెం క్విల్ దగ్గర పెట్టి వచ్చాను, ఆవిడకి అందదు," అంది ట్రూడీ. "చెయ్యెత్తింది, వెస్లీ. ఆవిడ చెయ్యెత్తింది."

తలుపు తెరుచుకునేలోగానే వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని గెంతుతున్నారు. బెరార్ వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. గ్రంథంలో ఖాళీ అని ఉన్న ప్రతిచోటా కదలలేదు అని మార్చమంది, కంప్యూటర్ల లెక్క పక్కన చేర్చమంది, అప్పుడు తేలే చిన్న అంకెనే హాస్టళ్లవాళ్లకు పంపమంది. అంతే, ఇంకే దిద్దుబాటూ లేదంది.

స్విచ్ ఇంకా రాలేదు. అడుగుతున్నాం. ఈసారి చేతులూపుతూ కాదు, నోళ్లు తెరిచి.

కావున, ఓ దిక్కులారా, ఓ హిమపాతములారా, ఓ హరితభవనాధిపతులారా, శ్రద్ధగా ఆలకించండి. భేరీలు లేవు, ఉన్నవి హీటర్లే, అవే మోగనివ్వండి. సస్కచెవాన్ మైదానమున, నేలమాళిగ గదిలో, ట్రూడీ హ్రినియుక్ అను మహావీర, చలికాలాల తరబడి చేసిన తపస్సుకు ఫలముగా, ఒక్క మాట మీద దిగ్విజయము సాధించెను. బెరార్ చెయ్యెత్తిన క్షణాన గదిలో ముగ్గురు మనుషులున్నారు, దీపం వెలిగి ఉంది, మనుషులున్నారనే మీటరు కూడా రాసుకుంది. దీపం కోసం ఎవరూ చెయ్యి ఊపకుండానే ఈ మూడూ కలిసి ఒకేసారి నిజం కావడం ఆ భవనము కట్టిన తర్వాత అదే మొదలు.