మొగలిపాలెం సగటు

మొగలిపాలెంలో పేదరికాన్ని సమూలంగా నిర్మూలించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. పేదవాళ్లు ప్రస్తుతం తెనాలిలో ఉన్నారు.

ఈ ఘనత సర్పంచి బసవేశ్వరరావుది. జిల్లాలోకెల్లా సంపన్న గ్రామానికి బహుమానం ఇస్తారని, పెద్దలందరి ముందు మెడలో దండ వేస్తారని బాపట్లలో విని వచ్చినప్పటినుంచీ ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఊళ్లోకి వచ్చే కుటుంబాలనూ, ఊరు విడిచే కుటుంబాలనూ, వాటి వెంట వచ్చిపోయే ఆదాయాన్నీ లెక్కకట్టే ఉద్యోగి వినోద్ కుమార్‌ను పిలిపించి కాఫీ ఇచ్చాడు.

"సగటు ఆదాయం పెరగాలంటే ఏంటి మార్గం, బాబూ?"

"అందరి సంపాదనా పెరగాలండి."

"అంత కష్టం లేనిది చెప్పు."

"తక్కువ సంపాదించేవాళ్లు ఊరు మారినా పెరుగుతుందండి," అన్నాడు వినోద్, కాఫీ మీద గౌరవంతో.

మర్నాడే పంచాయతీ ముందు షామియానా లేచింది. కూలికి పోయే దేవకుమారికి శాలువా కప్పారు.

"ఊరి కోసం ఊరినే వదులుకుంటున్న త్యాగమూర్తి మా దేవకుమారక్క!" అని బసవేశ్వరరావు మైకులో గద్గదంగా ప్రకటించాడు.

"నేను పోతే నీ చేలో నాట్లెవరేస్తారు, తమ్ముడూ?"

"నాట్లేసేవాళ్లుంటే సగటు పడిపోతుందక్కా!"

ఊరంతా చప్పట్లు కొట్టింది. లారీ రేపల్లె మీదుగా తెనాలి దారి పట్టింది. సగటు పెరిగింది.

అయితే పేదరికంలో ఒక చిక్కుంది. అడుగునున్నవాణ్ణి తీసేస్తే పైవాడు అడుక్కొస్తాడు. చప్పట్లు కొట్టిన టీకొట్టు జాన్సనే ఆ మరుసటి వారం ఊళ్లోకెల్లా పేదవాడయ్యాడు. ఆయనకూ శాలువా. తర్వాత బట్టలు కుట్టే చెంచమ్మ. ఆ తర్వాత ఝాన్సీ టీచరు. టీ లేకపోయినా, జాకెట్లు కుట్టేవాళ్లు లేకపోయినా, బడికి తాళం పడినా ప్రగతి మాత్రం ఆగలేదు. చేలల్లో తుంగ మొలిచింది. తుంగకు బొత్తిగా ఆదాయం లేదు గానీ, అదృష్టవశాత్తూ దాన్ని జనాభాలో కలపరు.

చివరికి రెండిళ్లు మిగిలాయి. ఒకటి సర్పంచిది, రెండోది ఆయన బావమరిది, రొయ్యల చెరువుల రామాంజిది. వినోద్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"ప్రస్తుతం ఊళ్లో కడుపేదవారు తమరేనండి."

"ముప్పై ఎకరాలుందయ్యా నాకు!"

"నాట్లు పడలేదు గదండీ."

భార్య రాఘవమ్మ అప్పటికే సామాను సర్దుతోంది. "మా తమ్ముడు మీకంటే గొప్పోడని పెళ్లయినప్పటినుంచీ చెబుతూనే ఉన్నా. ప్రభుత్వం చెబితే గానీ చెవికెక్కలేదు."

బసవేశ్వరరావు పరుగున వెళ్లి బావమరిది చేతులు పట్టుకున్నాడు. "రామాంజీ, పుట్టి పెరిగిన ఊరురా! ఎక్కడికి పొమ్మంటావు?"

"శాలువా ఏ రంగుది తెమ్మంటావు, బావా?" అన్నాడు రామాంజి.

వీడ్కోలు ఉపన్యాసం సర్పంచే ఇవ్వాలి గనక, తన త్యాగాన్ని తనే పొగుడుకుని బసవేశ్వరరావు లారీ ఎక్కాడు.

బహుమానం మొగలిపాలేనికే వచ్చింది. సభ ఊళ్లోనే పెట్టారు. ఒక్క ఇల్లున్న ఊళ్లో సభకు జనం చాలరు కాబట్టి తెనాలి నుంచి లారీల్లో తోలుకొచ్చి, తలా ఒక బిర్యానీ పొట్లం ఇచ్చి కూర్చోబెట్టారు. రామాంజి మెడలో దండ పడింది.

"పేదవాడు కంటికి కనిపించని ఈ ఊరిని చూసి రాష్ట్రమంతా నేర్చుకోవాలి!" అన్నారు ముఖ్య అతిథి.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బసవేశ్వరరావు అందరికంటే గట్టిగా కొట్టాడు. తాము ఉన్నన్నాళ్లూ ఈ ఊరు ఇంత బాగుపడుతుందని వాళ్లలో ఎవరూ అనుకోలేదు.