ఫ్రిజ్‌లో రెండు గంటల చీకటి

ఆ ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. కెమెరాను రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టడం, ఈలోగా తాను క్షవరం చేయించుకుని రావడం.

కారణం ఉంది. ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన ఆయన, ఇరవై రెండు రాత్రులు డాబా మీద టెలిస్కోపుకు కెమెరా తగిలించి దేవయాని గెలాక్సీని ఫొటోలు తీశాడు. వీధిదీపాల వెలుగులో కంటికి ఆనని ఆ గెలాక్సీ, వందల ఫొటోలను కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేరిస్తే మెల్లగా పైకి తేలుతుంది. కానీ ప్రతి ఫొటోలోనూ కెమెరా తన వంతుగా కొన్ని దొంగ చుక్కలు పుట్టిస్తుంది. వాటిని ఏరిపారేయాలంటే, రాత్రి ఉన్నంత చల్లదనంలోనే మూత బిగించి, ఉత్త చీకటిని కూడా ఫొటోలు తీయాలి. ఆ పని మిగిలిపోయింది. ఖగోళ సంఘం వారి పోటీకి గడువేమో సాయంత్రం ఆరు. పట్టపగలు రాత్రి చల్లదనం దొరికేది ఇంట్లో ఒక్కచోటే.

నిమిషానికొక ఫొటో దానంతటదే తీసుకునేలా అమర్చి, కెమెరాకు మామూలు లెన్సు తగిలించాడు. తడి తగలకుండా పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెట్టాడు. కాఫీ కప్పు ఒక చేత, కెమెరా ఇంకో చేత, లెన్సు మూత పళ్లమధ్య పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. మూత పెట్టాడు. కెమెరాను పాలగిన్నె పక్కన సర్ది, ఫ్రిజ్ తలుపు మూసి, దానిమీద చీటీ అంటించి వెళ్లిపోయాడు. ఫోను మాత్రం పడగ్గదిలో మరిచాడు.

నడకకు వెళ్లిన అక్క తిరిగొచ్చి చీటీ చదివింది. "తలుపు తెరవకూడదు. లోపల వెలుతురు పడకూడదు. పదకొండు దాకా ఆగాలి."

మరదలు పోయినప్పుడు పది రోజులుందామని వచ్చి నాలుగేళ్లుగా ఉండిపోయిన మనిషి ఆవిడ. తమ్ముడి వింతలన్నీ ఓర్చుకుంది, తనను ఫొటో తీస్తానన్నప్పుడల్లా మొహం తిప్పేసుకుని లోపలికి వెళ్లడం తప్ప. అందుకే పోనీలే అనుకుని వెనుదిరిగింది. అప్పుడు ఫ్రిజ్ లోపలినుంచి వినిపించింది. టిక్.

తమ్ముడికి ఫోను చేస్తే పడగ్గది పలికింది. వెంటనే ఫ్రిజ్ మెకానిక్‌ను పిలిపించింది. అతను తలుపుకు చెవి ఆనించి, రెండు టిక్కులు విని, మూడడుగులు వెనక్కి వేశాడు.

"ఇరవై ఏళ్ల సర్వీసమ్మా నాది. ఫ్రిజ్ గుర్రుమంటుంది, బుస్సుమంటుంది. టిక్కుమనదు."

ఆ మాట ఎదురు ఫ్లాటు ఇన్‌స్పెక్టరుగారి చెవిన పడింది. ఆయన జీవితమంతా తూనికలు, కొలతల శాఖలోనే ఇన్‌స్పెక్టరు. అయినా ఆ భవనంలో ఏది జరిగినా అందరూ ఆయనకేసే చూస్తారు, ఆయన కాదనడు. హెల్మెట్ పెట్టుకుని మరీ వచ్చి చీటీ మూడుసార్లు చదివాడు.

"అక్కగారూ, తలుపు తీస్తే లోపల బల్బు వెలుగుతుంది. వెలుతురు పడకూడదని రాశారు. పడితే ఏమవుతుంది?" అంటూ రెండు చేతులూ గాల్లోకి విసిరి చూపించాడు.

"మావాడు వాలిన ఈగను కూడా తోలడండీ!"

"బెదిరించి రాయించి ఉండొచ్చు. ఇప్పుడెక్కడున్నాడు?"

"క్షవరానికెళ్తానన్నాడు."

"ఎవరితో అన్నాడు?"

"నాతోనే."

"చూశారా!"

ఏం చూడాలో ఆవిడకు అర్థం కాలేదు. మళ్లీ టిక్. ఆవిడ ఓపిక నశించింది.

"లోపలేముంటే నాకేంటి! అందులో రెండు లీటర్ల పాలున్నాయి!" అని గరిటె పుచ్చుకుని, ఇద్దరు మగవాళ్లనూ వెనక పెట్టుకుని, తలుపు లాగింది. బల్బు వెలిగింది. సంచిలోంచి ఒక ఎర్రటి కన్ను ఆవిడకేసి మిటకరించింది. ఆవిడ పాలగిన్నె లాక్కుని దడాలున తలుపు మూసింది.

ఆ తర్వాత అంతా మెట్లమీదే జరిగింది. ఇన్‌స్పెక్టరు భవనం మొత్తానికీ ఫ్యూజు పీకేశాడు. పై అంతస్తాయన సబ్బు నురుగుతోనే దిగాడు. పదకొండింటికి నున్నటి గడ్డంతో వచ్చిన మాస్టారికి వీధినిండా జనం కనిపించారు.

"ఏమైందండీ?"

"ఎవరో ఒక ముసలాయన్ని బెదిరించి, ఆయన ఫ్రిజ్‌లో బాంబు పెట్టించారట."

"అయ్యో పాపం," అన్నాడు మాస్టారు మనస్ఫూర్తిగా. అంతలో పాలగిన్నెను చంటిబిడ్డలా పొదువుకున్న అక్క కనిపించింది. "అక్కా, మన ఫ్రిజ్ ఎవరైనా తెరిచారా?"

"బతికే ఉన్నావురా!" అంటూ ఏడ్చి, వెంటనే గరిటెతో ఒకటి వేసింది.

సంగతి విప్పి చెప్పాక జనం తగ్గారు, కరెంటు మాత్రం రాలేదు. ఫ్యూజును ఎక్కడ భద్రపరిచాడో ఇన్‌స్పెక్టరుకే గుర్తు లేదు. సాయంత్రం ఐదూ నలభైకి హెల్మెట్ లోపల దొరికింది. మాస్టారు పరుగున కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చీకటి ఫొటోలన్నీ చీకటిగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప.

"ఒరేయ్, పొద్దుటి కాఫీ మీద ఇదేం మూతరా?" వంటింట్లోంచి అక్క కేకేసింది.

ఆ ఒక్క ఫొటోనూ పక్కకు తీసేశాడు. ఐదూ యాభై ఏడుకు తెరమీద గెలాక్సీ విచ్చుకుంది. గబగబా దరఖాస్తు నింపి, ఫొటో జతచేసి పంపేశాడు. నిమిషం మిగిలింది. ఆ నిమిషంలో, తాను జతచేసింది ఏ ఫొటోనో చూసుకున్నాడు. రెండోది పంపేలోగా గడియారం ఆరు కొట్టింది.

ఆ రాత్రి ఆయన డాబా ఎక్కలేదు. "నావల్లే కదరా," అని అక్క అన్నం కూడా సరిగా తినలేదు.

పదో రోజున సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మొదటి బహుమతి! "ఆకాశాన్ని చూసి మనిషి నివ్వెరపోయే క్షణాన్ని ఇంత సూటిగా పట్టిన ఫొటో మేము చూడలేదు. హెల్మెట్ ధరించిన వ్యక్తి కళ్లలోని వినయం మరువలేనిది," అని రాశారు.

అక్క ఫొటోను చాలాసేపు చూసింది. బల్బు వెలుగులో అందరికంటే ముందు తానే ఉంది, గరిటె ఎత్తి, నోరు తెరిచి.

"నీ గెలాక్సీ పోయింది కదరా."

"అదెక్కడికీ పోదులే అక్కా, వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. నువ్వే ఎప్పుడూ ఇలా ఎదురుగా నిలబడలేదు."

"పళ్లన్నీ కనిపిస్తున్నాయిరా, నీ మొహం మండ," అంది గాని, ఫొటో కింద పెట్టలేదు.

ప్రదర్శనలో పెట్టేముందు వివరాలు సరిచూసి పంపమని సంఘంవారు ఆయన దరఖాస్తును జతచేశారు. మాస్టారు కలం తీసి, వస్తువు దూరం అన్నచోట ఇరవై ఐదు లక్షల కాంతి సంవత్సరాలు కొట్టేసి, ఒకటిన్నర అడుగు అని దిద్దాడు.